వెయ్యి బైట్లలో మబ్బు: ఒక వెయిటింగ్ పేజీ కేస్ స్టడీ

బ్రౌజర్‌లో కదిలే చిన్న చిన్న గ్రాఫిక్స్ ఎఫెక్టులు రాయడం నా పని. ఇలాంటి పనుల్లో అందరి కళ్లూ కోడ్ ఎన్ని బైట్లు ఉందన్న దాని మీదే ఉంటాయి. ఈ కేసులో ఆ లక్ష్యం తేలిగ్గానే అందింది. ఇబ్బంది పెట్టినవన్నీ వేరే. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసిపెడితే ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. క్లయింట్‌ను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

క్లయింట్ ఒక ఆన్‌లైన్ బుకింగ్ సేవ. బుకింగ్ తెరవగానే రద్దీ ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, వచ్చినవాళ్లను ముందు ఒక వెయిటింగ్ పేజీలో ఉంచుతారు. అందులో క్యూలో వాళ్ల స్థానం, ఇంకా ఎంతసేపు పట్టవచ్చో ఒక అంచనా, వెనకాల నీళ్లలో సిరా కలిసినట్టు మెల్లగా కదిలే మబ్బు. ఆ మబ్బు అప్పటిదాకా ఒక చిన్న వీడియో. ఎనిమిది సెకన్లకోసారి మళ్లీ మొదటికి వచ్చేది.

దాంతో రెండు చిక్కులు. వెయిటింగ్ పేజీ అంటేనే సర్వర్లు అసలే ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు చూపించే పేజీ. దాని మీద వీడియో బరువు పెట్టడం అసలుకే ఎసరు. రెండోది, ఎనిమిది సెకన్ల ముక్కను ఇరవై నిమిషాలు చూస్తే ఎవరికైనా అతుకు కనబడుతుంది. కనబడ్డాక ఇక కన్ను దాని మీదే ఉంటుంది. "పేజీ ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది, నా స్థానం పోయిందేమో" అని యూజర్లు సపోర్టుకు రాసేవారట. క్యూలో ఉన్న మనిషికి అసలే టెన్షన్. అతుకు ఉన్న వీడియో ఆ టెన్షన్‌ను పెంచేది.

వాళ్ల ఇంజనీర్లు పెట్టిన హద్దు స్పష్టంగా ఉంది. కొత్త కనెక్షన్ మీద, అవతలి నుంచి జవాబు రాకముందే సర్వర్ తొలి విడతగా పంపగలిగేది మామూలుగా పది ప్యాకెట్లు. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6928 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పే లెక్క ఇది. ప్యాకెట్‌కు 1,460 బైట్ల చొప్పున 14,600 బైట్లు. పేజీ మొత్తం అందులో ఇమిడితే ఒక్క విడతలో వచ్చేస్తుంది. రాతకూ స్టైల్‌కూ క్యూ లెక్కకూ కావాల్సింది పోగా యానిమేషన్‌కు మిగిలింది 1,024 బైట్లు, అదీ కంప్రెస్ చేశాక.

1,024 అనగానే నాకు 2010లో మొదలైన జేఎస్1కే పోటీ గుర్తొచ్చింది. జావాస్క్రిప్ట్‌లో 1,024 బైట్లలో ఏదైనా చేసి చూపించాలన్నదే అందులో నియమంగా ఉండేది. చిన్న ప్రోగ్రాములతో కదిలే బొమ్మలు చేసి పోటీపడే డెమోసీన్‌లో ఇంకా కఠినమైన 256 బైట్ల విభాగం కూడా ఉంది. డ్విట్టర్ అనే సైట్‌లో అయితే 140 అక్షరాల కోడ్‌తోనే కాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పలక) మీద బొమ్మ కదలాలి. అక్కడ చేయి తిరిగినవాళ్లకు 1,024 అంటే విశాలమైన మైదానం. అందుకే సైజు గురించి నాకు బెంగ లేదు.

అప్పటికే జరిగిన ప్రయత్నం

నా దగ్గరికి రాకముందే క్లయింట్ టీమ్‌లో ఒకరు కాన్వాస్ మీద ఒక వెర్షన్ రాసిపెట్టారు. పాతకాలం ప్లాస్మా ఎఫెక్టే: ప్రతి పిక్సెల్‌కూ నాలుగైదు సైన్ విలువలు కూడి, వచ్చిన అంకెను రంగుగా మార్చడం. ఆలోచన బాగానే ఉంది. పాత ఫోన్లలో మాత్రం ఫ్రేములు నత్తనడక నడిచేవి. ఒక కొత్త ఫోన్‌లో దీనికి పూర్తిగా ఉల్టా, మబ్బు రెట్టింపు వేగంతో పరుగెత్తేది.

వేగం సంగతి చదివిన వెంటనే తెలిసిపోయింది. ప్రతి ఫ్రేముకూ టైమ్ వేరియబుల్‌కు 0.01 కలుపుతున్నారు. 60 హెర్ట్జ్ తెర మీద అది సరిపోయింది. 120 హెర్ట్జ్ తెర సెకనుకు 120 ఫ్రేములు అడుగుతుంది కాబట్టి కాలం రెండింతల వేగంతో నడిచింది. ప్రతి ఫ్రేముకూ మన కోడ్‌ను నడిపించే బ్రౌజర్ సదుపాయం, రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్, మన ఫంక్షన్‌ను పిలిచేటప్పుడే టైమ్‌స్టాంప్‌ను మిల్లీసెకన్లలో ఇస్తుంది. దాన్ని వాడుకుంటే కోడ్ చిన్నదవుతుంది కూడా. లెక్కపెట్టే వేరియబులే అక్కర్లేదు.

నత్తనడకకు కారణం సైన్ లెక్కలని వాళ్లు అనుకున్నారు. అందులో సగమే నిజం. ఒక్కో పిక్సెల్‌కూ రంగును టెక్స్ట్‌గా తయారుచేసి ఫిల్ స్టైల్‌కు ఇచ్చి, ఫిల్ రెక్ట్‌తో ఒక చుక్క పెడుతున్నారు. బ్రౌజర్ ఆ టెక్స్ట్‌ను ప్రతిసారీ చదివి రంగుగా అర్థం చేసుకోవాలి. పూర్తి హెచ్‌డీ తెర అంటే 20,73,600 పిక్సెళ్లు. ఒక్క ఫ్రేముకు అన్నిసార్లు ఆ తతంగం జరుగుతుంటే సైన్ వేగంగా ఉన్నా ఒరిగేదేమీ లేదు.

నేను మొదట పట్టిన దారి

ప్రతి పిక్సెల్‌కూ ఒకే లెక్క అనగానే ఎవరికైనా షేడర్ తడుతుంది, అంటే గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) మీద ఒక్కో పిక్సెల్‌కూ నడిచే చిన్న ప్రోగ్రామ్. అది జీపీయూకు పుట్టుకతో వచ్చిన విద్య. నా పాత ప్రాజెక్టుల్లో ఇలాంటి మబ్బులన్నీ షేడర్లే. కాబట్టి బ్రౌజర్ నుంచి జీపీయూను వాడుకునే దారి అయిన వెబ్‌జీఎల్‌తో ఒక నమూనా చేశాను. షేడర్‌ను కంపైల్ చేయడం, ప్రోగ్రామ్‌కు కలపడం, తెర నిండా ఒక త్రిభుజం పెట్టడం, ఈ లాంఛనాలకే బడ్జెట్‌లో చెప్పుకోదగ్గ భాగం పోయినా మిగతాది హాయిగా ఇమిడింది. నా మెషీన్ మీద పట్టులా కదిలింది. డిజైనర్‌కు నచ్చింది. టెస్టింగ్ టీమ్ పది ఫోన్ల మీద తెరిచి చూసి సరే అంది.

అక్కడే ఆపి ఉంటే ఈ కేసు లేదు. ఒప్పుకునే ముందు నేను అడిగింది ఒక్కటే: ఆ ఫోన్లను అలాగే పావుగంట వదిలేసి మళ్లీ చూడండి అని. వెయిటింగ్ పేజీని పది సెకన్లు చూసి పరీక్షించడం దాని పనిని పరీక్షించడం కాదు కదా. పావుగంట తర్వాత రెండు పాత ఫోన్లలో మబ్బు కుంటుతోంది. జరగకుండా ఆగి, ఉన్నట్టుండి గెంతి, మళ్లీ ఆగుతోంది. ఫ్రేమ్ రేటు మాత్రం నిక్షేపంలా ఉంది.

కారణం దశాంశాల దగ్గర ఉంది. మొబైల్ షేడర్లలో మీడియమ్ ప్రెసిషన్ అని ఒకటి ఉంటుంది. కొన్ని ఫోన్లు దాన్ని నిజంగానే 16 బిట్ల సంఖ్యలతో నడుపుతాయి. కొన్ని 32 బిట్లు ఇచ్చేస్తాయి, కాబట్టి తేడా ఎక్కడా కనబడదు. డెస్క్‌టాప్ మీద అసలే కనబడదు. 16 బిట్ల సంఖ్యలో భిన్నానికి దక్కేవి 10 బిట్లు. దాని పర్యవసానం ఏమిటంటే, సంఖ్య పెద్దదయ్యేకొద్దీ పక్కపక్క విలువల మధ్య ఎడం పెరుగుతుంది. సెకన్లలో కాలం 16 దాటినప్పుడు ఎడం సెకనులో 64వ వంతు, దాదాపు ఒక ఫ్రేముకు సమానం, ఇంకా ఫరవాలేదు. 128 సెకన్లు దాటాక అది ఎనిమిదో వంతు. అంటే ఫోన్ సెకనుకు 60 ఫ్రేములు గీస్తున్నా వాటిలో వేరువేరు బొమ్మలు ఎనిమిదే. 512 దాటితే అర సెకనుకోసారి ఒక కదలిక. క్యూలో తొమ్మిదో నిమిషంలో ఉన్న మనిషి చూసేది అదే.

అదే షేడర్‌లో మరో సంగతి కూడా బయటపడింది. కాస్త గరుకుదనం కోసం అందరూ వాడే యాదృచ్ఛిక సంఖ్యల చిట్కా పెట్టాను: సైన్ విలువను 43758.5453తో గుణించి భిన్న భాగం మాత్రం ఉంచుకోవడం. 32,768 దాటిన చోట 16 బిట్ల సంఖ్యల మధ్య ఎడం 32. అంత పెద్ద విలువకు భిన్న భాగమే ఉండదు. చిన్న విలువల దగ్గర కొద్దోగొప్పో మిగిలినా, తెరలో ఎక్కువ భాగం నున్నగా, అక్కడక్కడ చారలుగా వచ్చింది. ఎక్కడెక్కడి ట్యుటోరియల్ కోడ్‌లోనో కనిపించే ఈ వాక్యం సగం ఫోన్లలో పనిచేసేది అదృష్టం వల్లే.

ఇక్కడ మూడు దారులున్నాయి. హై ప్రెసిషన్ అడగడం మొదటిది. వెబ్‌జీఎల్ మొదటి వెర్షన్‌లో ఫ్రాగ్మెంట్ షేడర్‌కు అది ఐచ్ఛికం. లేని పరికరం మీద షేడర్ కంపైలే కాదు, మబ్బు ఉండదు. రెండో వెర్షన్‌లో అది తప్పనిసరి కానీ, మరీ పాత ఫోన్లలో ఆ రెండో వెర్షనే ఉండదు. ఇక రెండో దారి, కాలాన్ని జావాస్క్రిప్ట్ వైపే కత్తిరించి చిన్న సంఖ్యగా పంపడం. జావాస్క్రిప్ట్ సంఖ్యలు 64 బిట్లవి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇది సరైన మరమ్మతే, వేరే ప్రాజెక్టులో అయితే ఇదే చేసేవాణ్ని. మూడోది జీపీయూను పూర్తిగా వదిలేయడం.

మూడోది ఎంచుకున్నాను. ప్రెసిషన్ ఒక్కటే అయితే రెండో దారి సరిపోయేది. కానీ కొన్ని పాత పరికరాల మీద డ్రైవర్ లోపాల వల్ల బ్రౌజర్లే వెబ్‌జీఎల్‌ను ఆపేస్తాయి, అక్కడ ఏం చూపించాలన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి ఇంకో కోడ్ రాయాలి. ఆ ప్రత్యామ్నాయమే అన్ని చోట్లా పనిచేసేంత బాగా రాయగలిగితే షేడర్ ఎందుకు? మెల్లగా కదిలే మసక మబ్బుకు జీపీయూ పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

పాత పద్ధతి ఒకటి, పక్కన పెట్టినది

1987 నాటి వీజీఏ అనే పీసీ గ్రాఫిక్స్ కార్డుల మీద 320 బై 200 తెరకు 64,000 బైట్లు పట్టేవి. తెర మొత్తాన్ని ఫ్రేము ఫ్రేముకూ మార్చడం ఆ ప్రాసెసర్లకు తలకు మించిన భారం. అందుకని పిక్సెళ్లను ముట్టుకోకుండా 256 రంగుల పట్టికను మాత్రం తిప్పేవారు. రంగుకు మూడు విలువల చొప్పున 768 బైట్లు మారిస్తే తెర అంతా పారుతున్నట్టు కనిపించేది. ఎంత తెలివైన పని అనిపిస్తుంది ఇప్పటికీ.

ఇది మనకు పనికొస్తుందా అని చూశాను. పనికిరాదు. కాన్వాస్‌కు రంగుల పట్టిక అనేదే లేదు. పట్టిక తిప్పినా పిక్సెళ్లన్నీ మళ్లీ రాయాల్సిందే, కాబట్టి అసలు లాభం గల్లంతు. పైగా పట్టిక తిప్పితే ఆకారాలు కదలవు, వాటిలోంచి రంగులు పారతాయి. చూసే కంటికి అది మబ్బు కాదు, నియాన్ బోర్డు. అయితే ఆ కాలం నుంచి ఒక సంగతి మాత్రం తీసుకున్నాను. 64,000 చుక్కలతో వాళ్లు తెర నింపారు. మసక మబ్బుకు మాకు అన్ని కూడా అక్కర్లేదు.

పనిచేసినది

కాన్వాస్ సైజు 96 బై 54 పెట్టి, స్టైల్‌లో తెర నిండా సాగదీశాను. సాగదీసేటప్పుడు బ్రౌజర్ పక్కపక్క రంగులను కలిపి నునుపు చేస్తుంది, దానికి మనం ఒక్క బైటూ రాయక్కర్లేదు. పిక్సెళ్లు 5,184, పూర్తి హెచ్‌డీలో 400వ వంతు. ఒక్కో పిక్సెల్‌కు సైన్, కొసైన్ కలిపి ఆరు లెక్కలు. సెకనుకు 30 ఫ్రేములు చొప్పున 9 లక్షల 33 వేల లెక్కలు. అదే పూర్తి తెర మీద 60 ఫ్రేములతో అయితే దాదాపు 75 కోట్లు. కోడ్‌లో అక్షరాలు ఎంత పొదుపు చేసినా ఈ తేడా రాదు.

గుండెకాయ లాంటి భాగం ఇది, మాటల్లో రాస్తున్నాను (ఎక్స్, వై అంటే పిక్సెల్ స్థానం, టి అంటే సెకన్లలో కాలం):

ఎ = సైన్(ఎక్స్/17 + టి/7) + సైన్(వై/13 − టి/11)
బి = సైన్(వై/19 + 2 × ఎ + టి/13)

మొదటి వరుస రెండు అలల కూడిక. దానంతట అది చూపిస్తే గళ్ల దుప్పటిలా ఉంటుంది. కిటుకంతా రెండో వరుసలో ఉంది. మొదటి దాని ఫలితాన్ని రెండో సైన్ లోపల కోణానికి కలుపుతున్నాం. దాంతో రెండో అల తిన్నగా పోకుండా మొదటి అలల వెంట వంకర్లు తిరుగుతుంది. సిరా మెలికలు అక్కడి నుంచే వస్తాయి. 2 అనే గుణకం ఎంత వంకరో చెబుతుంది. 4 పెడితే మెలికలు ఇంకా అందంగా ఉంటాయి గానీ, అంత సన్నని వివరాలను 96 పిక్సెళ్లు మోయలేవు. సాగదీసినప్పుడు పిక్సెళ్ల అంచుల్లో మడతలు తేలతాయి. డిజైనర్ దాన్ని చూసి "వెనకాల వల కనిపిస్తోంది" అన్నారు. బ్లర్ ఫిల్టర్ వేస్తే పోతుంది, కానీ తెర అంతటికీ ప్రతి ఫ్రేములో బ్లర్ అంటే మళ్లీ పాత ఫోన్ల మీద భారం. గుణకాన్ని 2 దగ్గర ఆపేశాం.

7, 11, 13 సంగతి. మొదట అక్కడ 3, 4, 5 ఉండేవి. అప్పుడు మొత్తం కదలిక 377 సెకన్లకు, అంటే ఆరు నిమిషాల చిల్లరకు, అచ్చంగా మొదటికి వస్తుంది. ఎవరూ పట్టుకోలేరు నిజమే. కానీ అతుకు మీద ఫిర్యాదుతో మొదలైన పని ఇది. ఒకదానితో ఒకటి భాగించుకోనివే, కానీ ఇంకా పెద్ద సంఖ్యలు పెడితే 2002 × π సెకన్ల తర్వాత గానీ, అంటే దాదాపు గంటా ముప్పావు తర్వాత గానీ, బొమ్మ మొదటికి రాదు. అదనపు ఖర్చు రెండు అక్షరాలు. వేగం తగ్గి మబ్బు నింపాదిగా కదిలింది, అది మాకు కావాల్సిందే.

లూపు ఒక్కటే, 0 నుంచి 5,184 దాకా. 96తో భాగిస్తే వచ్చే శేషం ఎక్స్. వై కోసం 96తో భాగించి పూర్ణాంకానికి కుదించడం పద్ధతి, కుదించకుండా వదిలేశాను. వరుస చివరికి వెళ్లేసరికి వై ఒక పిక్సెల్ మేర పెరుగుతుంది, అంతే. మబ్బులో ఆ ఏటవాలు ఎవరికి తెలుస్తుంది? పిక్సెళ్లు రాసే అర్రే తనంతట తానే విలువలను 0, 255 మధ్య బిగించి గుండ్రం చేస్తుంది కాబట్టి అక్కడా అదనపు కోడ్ లేదు. కొత్త ఇమేజ్ డేటా పూర్తిగా పారదర్శకంగా పుడుతుంది, ప్రతి పిక్సెల్‌కూ నాలుగో విలువ 255 రాయాలి. దానికి బదులు ముందే కాన్వాస్‌ను ఒకసారి నల్లగా నింపి, ఆ డేటానే చదివి తెచ్చుకుంటే నాలుగో విలువ నిండుగానే వస్తుంది. ఇలాంటివి చేస్తున్నప్పుడు పాత పోటీల రోజులు గుర్తొచ్చి సరదాగానే ఉంటుంది, కాదనను.

రంగుల దగ్గర కాస్త తిప్పలు పడ్డాం. క్లయింట్‌కు కావాల్సింది ముదురు నీలం మీద కాస్త లేత నీలం. రెండింటి మధ్య తేడా తక్కువ. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, వాటిలో మేం వాడేది పాతిక ముప్పై. తెర నిండా పరిచేసరికి మెట్లు చారలుగా, మ్యాపులో గీసిన ఎత్తుగీతల్లా కనిపించాయి. చారలు పోవడానికి కొద్దిగా నాయిస్, అంటే యాదృచ్ఛికమైన చిన్న తేడాలు, కలపడం తెలిసిన వైద్యమే. కానీ మా ఒక్కో పిక్సెల్ పెద్ద తెర మీద 20 పిక్సెళ్ల వెడల్పు. నాయిస్ కలిపితే చారలు పోయి మచ్చలు వచ్చాయి. చివరికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ ఒకే విలువ నుంచి కాకుండా, బికి వేరువేరు సంఖ్యలు కలిపిన మూడు కొసైన్ల నుంచి తీశాను. మూడు రంగుల మెట్లు మూడు చోట్ల పడతాయి. ఒకే చోట మూడూ మారితే కన్ను పట్టుకుంటుంది. విడివిడిగా మారితే చార బలహీనపడుతుంది. నీలంలో ఊదా ఛాయ కాస్త కలిసింది. డిజైనర్ అదే బాగుందన్నారు.

30 ఫ్రేములకు తగ్గించడంలో ఒక చిన్న మెలిక ఉంది. గత ఫ్రేము నుంచి 33 మిల్లీసెకన్లు కాకపోతే వదిలేయమని రాస్తే 60 హెర్ట్జ్ తెర మీద రెండు ఫ్రేములకు 33.3 అవుతుంది. టైమ్‌స్టాంప్ వెంట్రుకవాసి ముందు వచ్చినా ఆ ఫ్రేము జారిపోయి 50 దాకా ఆగాల్సి వస్తుంది, కదలిక తడబడుతుంది. హద్దును 25కి దించాక 60 హెర్ట్జ్ తెర మీద ఆ బెడద లేదు.

కుదించడం దగ్గర తేలినవి

ఇంతా అయ్యాక కోడ్ కంప్రెస్ చేస్తే కేటాయించిన దానిలో సగం కూడా పట్టలేదు. అయినా అలవాటు ఊరుకోదు కదా, ఇంకా నొక్కి చూశాను.

మ్యాథ్ సైన్ అని పదేపదే రాయడం ఎందుకని దానికి ఒకక్షరం మారుపేరు పెట్టాను. అక్షరాలు తగ్గాయి. కంప్రెస్ అయ్యాక బైట్లు మాత్రం కొద్దిగా పెరిగాయి. సర్వర్ పేజీని కుదించడానికి వాడే జిజిప్ ఒకసారి చూసిన వరుస మళ్లీ వస్తే "ఇంత దూరం వెనక్కి వెళ్లి ఇన్ని అక్షరాలు తెచ్చుకో" అని ఒక గుర్తు మాత్రం రాస్తుంది. అదే పేరు పదిసార్లు వచ్చినా దానికి భారం కాదు; కొత్తగా వచ్చిన మారుపేరు నిర్వచనమే భారం. అందుకే మూడు రంగుల వరుసలను కూడా తెలివైన లూపుగా మార్చకుండా, ఒక్క సంఖ్య తప్ప మిగతాదంతా ఒకేలా ఉండే మూడు వరుసలుగా వదిలేశాను. చూడ్డానికి అనుభవం లేనివాళ్లు రాసినట్టుంటుంది. లైన్ మీద వెళ్లేది అదే తక్కువ.

జేఎస్ క్రష్, రెగ్‌ప్యాక్ లాంటి ప్యాకర్లు వాడొచ్చు కదా అని వాళ్ల ఇంజనీరొకరు అడిగారు. పోటీల్లో అవి బ్రహ్మాండం. అయితే అవి కోడ్‌ను ఒక టెక్స్ట్‌గా కుదించి, బ్రౌజర్‌లో విప్పి, టెక్స్ట్‌ను కోడ్‌గా నడిపే ఇవాల్ అనే ఫంక్షన్‌తో నడుపుతాయి. ఏ కోడ్ నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే ఈ సైట్ కంటెంట్ సెక్యూరిటీ పాలసీ ఇవాల్‌ను అనుమతించదు, డబ్బు చేతులు మారే సైట్ అనుమతించకూడదు కూడా. యానిమేషన్ కోసం ఆ తలుపు తెరవమని అడగడం అన్యాయం. సర్వర్ ఎటూ జిజిప్ చేస్తోంది కాబట్టి ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదించి వచ్చేది కూడా పెద్దగా ఉండదు.

అదే పాలసీ వల్ల ఇంకో పని పడింది. పేజీలోనే రాసిన స్క్రిప్టు నడవాలంటే దాని ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్‌ను (కోడ్ నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి విలువను) పాలసీలో నమోదు చేయాలి. స్క్రిప్టులో ఒక్క ఖాళీ మారినా హ్యాష్ మారి బ్రౌజర్ దాన్ని నడపనంటుంది. కోడ్‌లో అనవసర అక్షరాలు తీసేసే (మినిఫై చేసే) టూల్ వెర్షన్ మారిన రోజు మబ్బు మాయమవుతుందన్నమాట. హ్యాష్‌ను చేత్తో పెట్టకుండా, పేజీని తయారుచేసే ఆటోమేటిక్ ప్రక్రియలో, అంటే బిల్డ్‌లోనే లెక్కించేలా వాళ్లతో మార్పించాను.

మిగిలిన బైట్లలో కొన్ని అవసరమైన చోటికే వెళ్లాయి. కదలికలు తగ్గించమని ఫోన్ సెట్టింగ్స్‌లో పెట్టుకున్నవాళ్లకు ఒకే ఫ్రేము గీసి ఆగుతుంది. తలతిరుగుడు ఉన్నవాళ్లకు ఆ సెట్టింగ్ అలంకారం కాదు. అలాగే, తనంతట తాను మొదలై ఐదు సెకన్లు దాటి కదిలేదాన్ని ఆపే వీలుండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి కాబట్టి ఒక చిన్న ఆపే బటన్ వచ్చింది. ఇంకా మిగిలిందని తెలిసి క్లయింట్ మార్కెటింగ్ వైపు నుంచి మెరిసే చుక్కలు కావాలన్నారు. వద్దన్నాను. క్యూలో స్థానం చూపించే అంకె ఒక్కటే ఆ పేజీలో కంటిని లాగాలి.

ఈ కేసు నుంచి

తర్వాతి పనుల్లోకి నేను మోసుకెళ్లింది ప్రధానంగా ఒకటి: బొమ్మ కాలానికి మాత్రమే కట్టుబడి ఉండాలి, గడిచిన ఫ్రేములకు కాదు. ఈ మబ్బుకు జ్ఞాపకం అంటూ ఏదీ లేదు. ఏ క్షణం ఇస్తే ఆ క్షణం బొమ్మ ఇస్తుంది. దానివల్ల కోడ్ చిన్నదవ్వడం ఒక లాభం. యూజర్ వేరే ట్యాబ్‌కు వెళితే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ ఆగిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది. తిరిగి వచ్చినప్పుడు బొమ్మ ఆ క్షణం దగ్గరే ఉంటుంది. కణాలను ఒక్కో అడుగూ జరుపుకుంటూ పోయే ఎఫెక్టు అయితే పది నిమిషాల దూరాన్ని ఒక్క అడుగులో వేయబోయి చెదిరిపోయేది. అన్నిటికంటే పెద్ద లాభం పరీక్షలో. రెండు గంటల తర్వాత ఎలా ఉంటుందో చూడాలంటే రెండు గంటలు కూర్చోనక్కర్లేదు, టైమ్‌కు 7,200 కలిపితే చాలు. ఇప్పుడు షేడర్ రాసినా సరే, ముందు ఆ ఒక్క అంకె కలిపి చూస్తాను. ఇలాంటి ప్రెసిషన్ జబ్బు ఉంటే మొదటి కొద్ది సెకన్లలోనే బయటపడుతుంది.

ఇకపోతే, క్లయింట్‌కు ఇచ్చిన ప్యాకేజీలో కుదించని కోడ్ కూడా ఉంది, ఒక్కో సంఖ్య పక్కన అది ఎందుకు అంతో రాసి. 2 దగ్గర "4 పెడితే వల కనిపిస్తుంది", 25 దగ్గర "33 పెట్టొద్దు", వై లెక్క దగ్గర "పూర్ణాంకం చేయకపోవడం కావాలనే". ఆర్నెల్ల తర్వాత వాళ్ల కొత్త డిజైనర్ నీలాన్ని ఆకుపచ్చ చేయాలనుకున్నప్పుడు ఎవరికీ ఫోన్ చేయకుండా మూడు కొసైన్లలోని మూడు సంఖ్యలు మార్చుకున్నారు. బిల్డ్ కొత్త హ్యాష్ వేసుకుంది, పేజీ నడిచింది.